నిటారుగా కూర్చోవడం మానేయండి

ప్రశ్న: నాకు నలభై ఆరేళ్లు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని లెక్కలు చూసే ఉద్యోగం. రెండేళ్లుగా మెడ, భుజాలు బిగుసుకుపోయి ఉంటున్నాయి. సాయంత్రానికి నడుము పట్టేస్తోంది. డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి, ఎముకల్లో దోషమేమీ లేదు, కూర్చునే తీరు మార్చుకోండి అన్నారు. అప్పటి నుంచి నిటారుగా కూర్చోవాలని చూస్తున్నాను. పది నిమిషాలకి మించి నా వల్ల కావడం లేదు. వీపుకి కట్టుకునే బెల్టు కొన్నాను. తీసేస్తే మళ్లీ మామూలే. ఇంట్లో అందరూ "గూని వచ్చేస్తోంది, సరిగ్గా కూర్చో" అంటూనే ఉంటారు. ఈ మధ్య ఒకావిడ అలెగ్జాండర్ టెక్నిక్ గురించి చెప్పారు. అది నిజంగా పనిచేస్తుందా? ఇంట్లో సొంతంగా నేర్చుకోవచ్చా? అసలు నాకు ఒంటి మీద శ్రద్ధ లేకపోవడం వల్లే ఇదంతా వచ్చిందా?

జవాబు: మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. శ్రద్ధ లేక కాదు. ఉత్తరం చదువుతుంటే శ్రద్ధ ఎక్కువై మీ ఒంటిని మీరే సతాయిస్తున్నారేమో అనిపించింది. పది నిమిషాలకి మించి నిటారుగా కూర్చోలేకపోవడం మీ చేతకానితనం కాదు. మీరు కూర్చుంటున్న పద్ధతిలో ఎవరూ అంతకన్నా ఎక్కువసేపు కూర్చోలేరు.

ఇప్పుడే ఒకసారి చూడండి. వెనక నుంచి ఎవరో వచ్చి "సరిగ్గా కూర్చో" అన్నారనుకోండి. ఏం చేస్తారు? ఛాతీ ముందుకి పొడుచుకొస్తుంది. భుజాలు వెనక్కి లాగుతారు. గడ్డం కాస్త పైకి లేస్తుంది. నడుము లోపలికి వంపు తిరుగుతుంది. అలాగే ఉండి ఊపిరి సంగతి గమనించండి. ఆగిపోయి ఉంటుంది, లేదంటే గుండెల పైభాగంలోనే ఆడుతూ ఉంటుంది. దీన్నే మనం నిటారు అనుకుంటాం. నిజానికి ఇక్కడ జరిగింది ఏమిటంటే, ముందువైపు ఒంటిని కిందికి లాగుతున్న కండరాలు లాగుతూనే ఉన్నాయి, వాటితో పోట్లాడమని వీపు కండరాలని కూడా పురమాయించాం. ఇద్దరు కొట్టుకుంటుంటే ఆపడానికి మూడోవాడు కర్ర పట్టుకుని దిగినట్టు. పది నిమిషాలకి వీపు అలిసిపోతుంది, ఒళ్లు మళ్లీ కూలబడుతుంది, మీకేమో తప్పు చేసినట్టు ఉంటుంది.

కాబట్టి నా మొదటి సలహా వినడానికి విడ్డూరంగా ఉంటుంది. నిటారుగా కూర్చునే ప్రయత్నం మానేయండి. కూలబడి కూర్చోమని కాదు. కొత్తగా ఏదీ చేయకండి అంటున్నాను. ముందు, ఇప్పటికే మీకు తెలియకుండా చేస్తున్నదేమిటో పట్టుకోవాలి. అది పట్టుకుని ఆపితే చాలావరకు ఒళ్లు తనంతట తనే పైకి లేస్తుంది. అలెగ్జాండర్ టెక్నిక్ అంటే క్లుప్తంగా ఇదే.

ఆ అలెగ్జాండర్ ఎవరో చెప్తేనే ఇది అర్థమవుతుంది. ఫ్రెడరిక్ మథియస్ అలెగ్జాండర్ 1869లో ఆస్ట్రేలియాకి దక్షిణాన ఉన్న టాస్మానియా ద్వీపంలో పుట్టాడు. వేదికల మీద నాటక ఘట్టాలు, పద్యాలు ఒక్కడే నిలబడి వినిపించడం ఆయన వృత్తి. నడిమధ్యలో గొంతు బొంగురుపోవడం మొదలైంది. డాక్టర్లు మందులిచ్చారు, గొంతుకి విశ్రాంతి ఇమ్మన్నారు. విశ్రాంతి ఇస్తే బాగయ్యేది, మళ్లీ వేదిక ఎక్కితే పోయేది. అప్పుడాయన డాక్టర్ని ఒక మంచి ప్రశ్న అడిగాడు. మాట్లాడకుండా ఉన్నప్పుడు బాగుండి, వేదిక మీద చెడుతోందంటే, అక్కడ నేనే ఏదో చేస్తున్నట్టు కాదా? అయ్యుండాలి అన్నాడు డాక్టరు. ఏం చేస్తున్నాను? అది ఆయనకీ తెలియదు.

అలెగ్జాండర్ ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడ్డాడు. మామూలుగా మాట్లాడితే ఏమీ కనబడలేదు. వేదిక మీద లాగా గొంతెత్తి చదివితే మూడు సంగతులు కనబడ్డాయి: తల వెనక్కి లాగుతున్నాడు, స్వరపేటికని కిందికి నొక్కుతున్నాడు, నోటితో గుటకలేసినట్టు గాలి పీలుస్తున్నాడు. తర్వాత జాగ్రత్తగా చూస్తే మామూలు మాటల్లోనూ అవే మూడూ, కొంచెం చిన్నగా, ఉన్నాయి. కారణం దొరికింది కదా, ఇంకేం, తల ముందుకి పెట్టి చదివితే సరి అనుకున్నాడు. పెట్టాననే అనుకున్నాడు కూడా. మరో రెండు అద్దాలు పక్కల పెట్టుకుని చూస్తే, ముందుకి పెట్టాననుకున్న తల ఇంకా వెనక్కే లాగి ఉంది.

నాకు ఆయన కథలో అన్నిటికన్నా విలువైనది ఈ ముక్కే. తన ఒళ్లు ఎక్కడుందో తనకే సరిగ్గా తెలియడం లేదు. మీకూ నాకూ అంతే. ఏళ్ల తరబడి అలవాటైనది మనకి సరైనదిగా అనిపిస్తుంది, అలవాటు లేనిది వంకరగా అనిపిస్తుంది. నమ్మకం కుదరకపోతే చేతులు కట్టుకోండి. ఇప్పుడు పైనున్న చెయ్యి కిందికి వచ్చేలా మార్చి కట్టుకోండి. తేడా ఏమీ లేకపోయినా ఎవరివో చేతుల్లా ఉంటాయి చూడండి. చేతుల సంగతే ఇలా ఉంటే, మెడ "తిన్నగా ఉంది" అని మీకనిపించే అనిపింపుని ఎంతవరకు నమ్మొచ్చు?

నా సొంత సంగతి కూడా చెప్తాను. నేను నేర్చుకోవడానికి వెళ్లిన మొదటి రోజుల్లో గురువుగారు నా తల మీద రెండు చేతులూ ఆనించి, నెట్టకుండా, లాగకుండా, ఊరికే కాసేపు ఉంచారు. మెడలో ఏదో వదిలింది. "ఎలా ఉంది?" అన్నారు. "ముందుకి తూలి పడిపోయేలా ఉన్నాను" అన్నాను. పక్కనున్న అద్దంలోకి చూడమన్నారు. చక్కగా నిలబడి ఉన్నాను. రోజూ నేను తిన్నగా అనుకునే భంగిమలో నిలబడి చూపించమంటే, అద్దంలో వెనక్కి వాలిపోయిన మనిషి కనబడింది. ఆ తర్వాత వారం రోజులు నాకు నేను వంకరగా నడుస్తున్నట్టే ఉండేది, సిగ్గుగా కూడా ఉండేది. చూసినవాళ్లు ఎవరూ ఏమీ అనలేదు.

ఇక మీరు చేయాల్సినవి. ఎక్కువ చెప్పను. ఎక్కువ చెప్తే మీరన్నీ ఒక్క రోజే మొదలుపెడతారని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది.

మొదటిది, పడుకోవడం. నేల మీద చాప పరుచుకుని వెల్లకిలా పడుకోండి. తల కింద రెండు మూడు పుస్తకాలు పెట్టండి. దిండు మెత్తగా దిగిపోతుంది, దానికన్నా పుస్తకాలు నయం. ఎత్తు ఎంత అంటే, గడ్డం పైకి లేచిపోకూడదు, గొంతు నొక్కుకుపోనూ కూడదు. మోకాళ్లు మడిచి పాదాలు నేలకి ఆనించండి. చేతులు పొట్ట మీద పెట్టుకోండి. కళ్లు మూయకండి, మూస్తే నిద్రలోకో ఆలోచనల్లోకో జారుకుంటారు. పది పదిహేను నిమిషాలు. ఈలోగా నడుముని నేలకి నొక్కే ప్రయత్నం చేయకండి, దీర్ఘశ్వాసలు తీయకండి. బరువుని నేల మొయ్యనివ్వండి, అంతే. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు పగలంతా బరువుకి నలిగి నీరు కోల్పోతాయి. పొద్దున లేచినప్పటి ఎత్తుకీ రాత్రి ఎత్తుకీ సుమారు ఒక సెంటీమీటరు తేడా వస్తుందంటే కారణం చాలావరకు అదే. పడుకున్నప్పుడు అవి మళ్లీ నీరు పీల్చుకుంటాయి. లేచేటప్పుడు ఉన్నపళంగా లేవకండి, పక్కకి తిరిగి చేతుల ఆసరాతో లేవండి. ఆఫీసు నుంచి వచ్చాక ఇది రోజూ చేయండి. నాకు వేరే ఏదీ కుదరని రోజుల్లో కూడా ఇది ఒక్కటీ మానను.

రెండోది కుర్చీలోంచి లేవడం. అసలు పని ఇక్కడుంది. ఒక అరచేతిని మెడ వెనక ఆనించి, మామూలుగా లేవండి. పిరుదులు కుర్చీని వదలకముందే చేతి కింద మెడ కుదించుకుపోయి తల వెనక్కి వాలడం తెలుస్తుంది. చాలామందిలో ఇంకొంచెం ముందే, లేవాలి అనుకోగానే మొదలవుతుంది. పెద్దవాళ్ల తల బరువు నాలుగున్నర అయిదు కిలోలు. ఆ బరువుని వెనక్కీ కిందికీ లాగి వెన్నుమీద నొక్కుతూ, అదే వెన్నుని పైకి లేపుతున్నాం. రోజుకి ఎన్ని సార్లు లేస్తారో లెక్క వేసుకోండి, మీకు లెక్కలు అలవాటే.

ఇప్పుడు ఇలా చేయండి. లేవాలి అనుకోండి. అనుకుని, లేవకండి. ఆ క్షణంలో ఎక్కడ ఏది సిద్ధమైపోయిందో చూడండి. తొడలు బిగిశాయా? చేతులు మోకాళ్ల మీదికి వచ్చేశాయా? ఊపిరి బిగబట్టారా? మెడ? దేన్నీ సరిచేయకండి. "లేవనవసరం లేదు" అని మీతో మీరు అనుకోండి, బిగిసినవి వదులుతాయి. అప్పుడు నిజంగా లేవొచ్చు, లేవకుండా కూర్చోనూ వచ్చు, లేదా ఒక చెయ్యి ఎత్తి దించి ఊరుకోవచ్చు. ముందే తేల్చుకోకుండా ఉండటం కిటుకు. అలెగ్జాండర్ గొంతు బాగుపడింది కూడా ఇలాంటి పనివల్లే. పద్యం చదవాలి అనుకుని, ఆ మాటకి ఒళ్లు బిగుసుకోవడాన్ని ఆపి, చదవకుండా ఉండటం నేర్చుకున్నాడు. ఆయన దీన్ని ఏళ్ల తరబడి సాధన చేశాడు. తర్వాత తను కనిపెట్టిన దాన్ని ఇతరులకి నేర్పడం మొదలుపెట్టి, 1904లో లండన్ చేరి, 1955లో చనిపోయేదాకా అదే పనిలో ఉన్నాడు. (ఆయన పుస్తకాలు చదవాలని మాత్రం పట్టుబట్టకండి. ఒక్కో వాక్యం దాటేసరికి మెడ పట్టేస్తుంది.)

లేచేటప్పుడు ఎక్కడ వంగాలో కూడా తెలుసుకోండి. వంగమంటే చాలామంది నడుము దగ్గర, బెల్టు పెట్టుకునే చోట వంగుతారు. తుంటి కీలు అంతకన్నా కింద ఉంది. కూర్చున్నప్పుడు తొడకీ పొట్టకీ మధ్య మడత పడే చోట వేళ్లు పెట్టండి, ఆ లోతున ఉంటుంది. అక్కడ నుంచి మొండెం మొత్తాన్ని ఒక్కటిగా ముందుకి వాల్చి, బరువు పాదాల మీదికి వచ్చాక లేవండి. అలాగే తల ఎక్కడ ఆని ఉందంటే మెడ మీద అంటాం, మెడ అంటే చొక్కా కాలరు పైన కనబడేది మాత్రమే అనుకుంటాం. వెన్నెముక పైకొస పుర్రె అడుగుదాకా, దాదాపు రెండు చెవుల మధ్యదాకా వెళ్తుంది. చూపుడువేళ్లు రెండు చెవుల వెనక కింద పెట్టుకుని, వాటిమధ్య ఒక ఊచ ఉన్నట్టు ఊహించుకుని, ముక్కు కొనతో చిన్న గీత గీసినంత మేర తల ఊపండి. ఆ ఊపు అంత పైన జరుగుతుందని తెలిశాక మెడ మొత్తాన్ని వంచే అవసరం ఉండదు.

మీ పనిలో ఇంకో చోట వెతకమంటాను. రెండు వైపుల మొత్తాలు కుదరవు, తేడా ఎక్కడుందో దొరకదు. అప్పుడు మీ మొహం తెరకి ఎంత దగ్గరగా ఉందో చూసుకోండి. పళ్లు కరుచుకుని ఉన్నాయా? ఏమీ నమలనప్పుడు పై పళ్లూ కింది పళ్లూ తగులుకోనక్కర్లేదు, పెదవులు మూసుకున్నా లోపల కాస్త సందు ఉండాలి. మౌస్‌ని ఎంత గట్టిగా పట్టుకున్నారు? కుర్చీ కింద కాలివేళ్లు ముడుచుకుపోయాయా? ఆ తప్పు అంకె దొరకడానికి వీటిలో ఏ ఒక్కటీ సాయం చేయదు. పని అయిపోవాలన్న ఆత్రం మనకన్నా ముందు మెడనీ దవడనీ పరిగెత్తిస్తుంది. వారానికి ఒక్కదాన్నే ఎంచుకోండి, ఈ వారం దవడ, వచ్చే వారం మౌస్ చెయ్యి. పట్టుకున్నప్పుడల్లా వదిలేయండి, తిట్టుకోకండి. బిగుతు ఎక్కడుందో అసలు తెలియడం లేదంటే, అమెరికన్ డాక్టర్ ఎడ్మండ్ జేకబ్సన్ పద్ధతి కొన్నాళ్లు చేయండి. పిడికిలి కాసేపు బిగించి, వదిలి, ఆ తేడాని గమనించడం, తర్వాత భుజం, తర్వాత మొహం, ఇలా ఒక్కో భాగం. బిగుతంటే ఎలా ఉంటుందో కండరానికి గుర్తు చేయడానికి అది బాగా పనికొస్తుంది. నొప్పి ఉన్న చోట మాత్రం గట్టిగా బిగించకండి.

పనిచేస్తుందా అని సూటిగా అడిగారు. నడుము నొప్పికి పనిచేస్తుందనడానికి ఆధారం ఉంది. ఇంగ్లండులో 579 మంది మీద చేసిన అధ్యయనం 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. వాళ్లందరికీ దీర్ఘకాలంగానో, వచ్చిపోతూనో నడుము నొప్పి ఉంది. ఏడాది తర్వాత చూస్తే, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లకి నాలుగు వారాల్లో 21 రోజులు నొప్పి ఉంటే, 24 పాఠాలు నేర్చుకున్నవాళ్లకి అది 3 రోజులకి తగ్గింది. ఆరు పాఠాలే నేర్చుకున్నవాళ్లకి 11 రోజులు. ఇవి మధ్యస్థ విలువలు, అందరికీ ఇంతే తగ్గుతుందని కాదు. మెడ నొప్పి మీద 517 మందితో జరిగిన మరో అధ్యయనం 2015లో వచ్చింది, అందులోనూ ఏడాది తర్వాత మేలు కనబడింది. ఇంతవరకు ధైర్యంగా చెప్పగలను. ఉబ్బసం తగ్గుతుంది, ఇంకేదో నయమవుతుంది అని ఎవరైనా చెప్తే అంత గట్టి ఆధారం లేదు. పద్ధతి మంచిదైనంత మాత్రాన దానికి లేని గొప్పలు అంటగట్టక్కర్లేదు.

సొంతంగా నేర్చుకోవచ్చా అంటే సగం వరకు. పైన చెప్పినవి మీరు ఒంటరిగా చేయొచ్చు, ఉపశమనం కూడా ఉంటుంది. కానీ అలెగ్జాండర్‌కి మూడు అద్దాలూ ఏళ్ల ఓపికా కావలసి వచ్చాయి. మనకి తప్పే ఒప్పుగా అనిపిస్తున్నప్పుడు బయటి నుంచి చూసే కన్ను, తాకి చెప్పే చెయ్యి ఉంటే దారి దగ్గరవుతుంది. అందుకే పాఠాలు ఒకరికి ఒకరుగా చెప్తారు. గురువు దొరికితే శిక్షణ ఎంతకాలం తీసుకున్నారో అడగండి, మూడేళ్లు, 1600 గంటలు సాధారణంగా ఉండే కొలత. మొదటి రోజే మిమ్మల్ని పట్టుకుని విరిచే మనిషైతే, లేదా "ఇలా నిలబెట్టుకోండి" అని భంగిమ నేర్పే మనిషైతే రెండోసారి వెళ్లకండి. ఎవరూ దొరక్కపోతే, పక్క నుంచి మీరు లేవడం కూర్చోవడం ఫోన్‌లో వీడియో తీయించుకుని చూడండి. మొదటిసారి చూసినప్పుడు మనసు చివుక్కుమంటుంది. అందరికీ అంతే.

బెల్టు తీసేయండి. అది మీరు వంగినప్పుడు వెనక్కి లాగుతుంది, అంటే ఇంట్లోవాళ్లు చేస్తున్న పనే గుడ్డతో చేస్తుంది. ఇంట్లోవాళ్లకి మాత్రం ఒక మాట చెప్పి చూడండి: "సరిగ్గా కూర్చో" అనే బదులు "కాసేపు లేచి తిరుగు" అనమనండి. ఈ ఒక్క భంగిమలో కూర్చుంటే నొప్పి రాదు అని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. ఎంత చక్కటి భంగిమైనా గంటన్నర కదలకుండా ఉంటే ఒళ్లు పట్టేస్తుంది. కాళ్లు మడుచుకుని కూర్చోండి, వెనక్కి వాలండి, ఒక పక్కకి ఒరగండి, ఏ అరగంటకో లేవండి. వంగి కూర్చోవడం నేరం కాదు.

డాక్టరుగారు చూసి ఏమీ లేదన్నారు కాబట్టి ఇదంతా రాశాను. అయినా చేతుల్లో గానీ కాళ్లలో గానీ తిమ్మిరి, బలం తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏది మొదలైనా మళ్లీ వెళ్లండి. మూత్రం మీదో విరేచనం మీదో అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకొకటి, మీ వయసు చూస్తే గుర్తొచ్చింది. దగ్గరకీ దూరానికీ ఒకే అద్దంలో పవర్ ఉన్న కళ్లజోడు పెట్టుకుంటున్నారా? అలాంటి వాటిలో దగ్గరి పవర్ కింది భాగంలో ఉంటుంది. తెర చదవాలంటే గడ్డం పైకెత్తి ఆ కింది భాగంలోంచి చూస్తారు, అంటే రోజుకి ఎనిమిది గంటలు తల వెనక్కి. అదే కారణమైతే మీరు ఎన్ని నెలలు సాధన చేసినా సోమవారం పొద్దున ఆఫీసులో మెడ మళ్లీ అక్కడికే వస్తుంది. తెరని కాస్త కిందికి దించి చూడండి. తేడా కనబడితే కళ్ల డాక్టరుని అడిగి, కంప్యూటర్ దూరానికి విడిగా ఒక జత చేయించుకోండి.